మూడు కిలోల పొమెరేనియన్‌కు ఎంత తిండి?

ముప్పై కిలోల లాబ్రడార్ తినేదాంట్లో పదోవంతు పెడితే మూడు కిలోల పొమెరేనియన్‌కు చాలదు. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ కిలో బరువుకు ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. కదలకుండా పడుకున్నా లాబ్రడార్‌కు రోజుకి కిలోకు 30 కిలోక్యాలరీలు కావాలి, పొమెరేనియన్‌కు 53 దాకా కావాలి. ఇంట్లోనే తిరిగే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఎదిగిన పొమెరేనియన్‌కు రోజు మొత్తమ్మీద 220 నుంచి 255 కిలోక్యాలరీలు సరిపోతాయి. డ్రై ఫుడ్ అయితే ఇది సుమారు 60–70 గ్రాములు. గిన్నెతో కొలవకుండా వంటింటి త్రాసు మీద తూచి రెండు పూటలుగా పెట్టండి.

మన ఇళ్లలో అసలు చిక్కు పెరుగన్నంతోనే. 150 గ్రాముల అన్నం, 50 గ్రాముల పెరుగు కలిపితే 225 కిలోక్యాలరీలు వస్తాయి. అంటే కడుపు నిండిపోయింది, ఆ రోజు లెక్కా అయిపోయింది. కానీ అందులో ప్రొటీన్ ఆరు గ్రాములే, కావలసినదాంట్లో సగం. రోజూ అదే పెడితే కండ తగ్గుతుంది, జుట్టు పలచబడుతుంది. బోన్‌లెస్ చికెన్ కలిపితే ప్రొటీన్ లోటు తీరుతుంది గానీ కాల్షియం లోటు అలాగే ఉంటుంది. దానికోసం ఉడికిన ఎముకలు వేయకండి, అవి సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే కాల్షియం మోతాదు పశువైద్యుడితో రాయించుకోండి.

చిరుతిండి రోజు లెక్కలో పదోవంతు దాటకూడదు. ఒక్క మేరీ బిస్కెట్‌తో ఆ వాటా అయిపోతుంది.

సాంబారన్నం అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి చాలు, రక్తం దెబ్బతింటుంది. ఈ కుక్కకు అది చిన్న ఉల్లిపాయంత. నీరసం, ముదురు రంగు మూత్రం కొన్ని రోజులు ఆగి కనిపిస్తాయి కాబట్టి కారణం ఎవరికీ తట్టదు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా ప్రమాదమే.

మూడు నెలల్లోపు కూనకు రోజుకు నాలుగు సార్లు పెట్టాలి. దాని కాలేయంలో చక్కెర నిల్వ చాలా తక్కువ, కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతూ నడవడం, మగతగా పడి ఉండడం, వణుకు, చివరికి ఫిట్స్. వెంటనే చిగుళ్లకు కొంచెం తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ రాసి ఆసుపత్రికి పరుగెత్తండి. స్పృహ లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఈ జాతికి శ్వాసనాళం మెత్తన, మెడపట్టీ లాగితే నొక్కుకుపోతుంది. నడకకు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వాడండి. ఎండాకాలమని జుట్టు గొరిగించకండి, కొన్నిటికి మళ్లీ సరిగా రాదు.

ఆ ఒత్తు జుట్టే లావును దాచేస్తుంది. వేళ్లతో తడిమితే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి. నెలకోసారి దాన్ని ఎత్తుకుని బరువు చూసి, అందులోంచి మీ బరువు తీసేయండి. 300 గ్రాములు పెరిగిందంటే పదిశాతం పెరిగినట్టే, మరుసటి రోజు నుంచే తిండి తగ్గించాలి.