పాఠంలో చోటు దొరకని మొదటి వారం

వైద్య విద్యార్థులకు, హౌస్ సర్జన్లకు పిల్లల జబ్బుల శిక్షణ ఎన్ని రోజులుండాలన్న వాదన మళ్లీ రాజుకుంది. రోజులు తగ్గించి పాఠాలను వీడియోలుగా తెర మీదికి మార్చాలని ఒక పక్షం అంటోంది. బిడ్డ పక్కన గడిపే సమయాన్ని ముట్టుకోవద్దని పిల్లల వైద్యం బోధించేవారు పట్టుబడుతున్నారు. ఈ వివాదం వేళ్లు 1990ల నాటి ఒక నిర్ణయంలో ఉన్నాయి.

అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఐఎంసీఐ (చిన్నపిల్లల జబ్బులకు సమగ్ర చికిత్స) అనే శిక్షణను రూపొందించాయి. విరేచనాలకు ఒక కార్యక్రమం, దగ్గు, ఆయాసానికి ఇంకొకటి అన్న పాత పద్ధతి పోయి, ఎదుట ఉన్న బిడ్డను నిలువెల్లా చూడటం నేర్పడం మొదలైంది. పేద దేశాల్లో అయిదేళ్లలోపు పిల్లల మరణాల్లో దాదాపు 70 శాతం న్యుమోనియా, విరేచనాలు, మలేరియా, తట్టు, పోషకాహార లోపం వల్లేనని నాటి అంచనా. ఆ అయిదింటి చుట్టూ 11 రోజుల కోర్సు అల్లారు. అయితే అది వారం నిండిన బిడ్డతో మొదలైంది. పుట్టిన మొదటి ఏడు రోజులు అందులో లేవు.

కారణం లేకపోలేదు. మొదటి వారం జబ్బులు చాలావరకు కాన్పుతో ముడిపడినవి. పుట్టగానే ఊపిరి అందకపోవడం, కాన్పులో దెబ్బలు, ఉమ్మనీరు ముందే పోవడం వల్ల సోకే ఇన్ఫెక్షన్లు, వీటన్నిటికీ వేరే వైద్యం కావాలన్నారు. వైద్యపరంగా ఆ మాటను తప్పుపట్టలేం. బోధనలో మాత్రం దాని ఫలితం చేదుగా ఉంది. నవజాత శిశు మరణాల్లో నాలుగింట మూడు వంతులు సంభవించే వారమే పాఠంలోంచి జారిపోయింది. వారం దాటిన పసికందులకైనా 11 రోజుల్లో దక్కినవి 2 రోజులే, అవీ పెద్ద పిల్లల పాఠాలన్నీ ముగిశాక.

ఈ వరసను 2003లో భారతదేశం తిరగేసింది. నవజాత శిశువులనూ పేరులో చేర్చి ఐఎంఎన్‌సీఐగా వచ్చిన మన రూపంలో మొదటి వారానికి చోటిచ్చారు. కోర్సు 8 రోజులకు తగ్గినా, అందులో 4 రోజులు రెండు నెలల్లోపు శిశువులవే. తొలి పాఠం కూడా వారిదే. ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూడటం శిక్షణలో భాగమైంది. పసికందుల విషయంలో శిక్షణ ఎంత పని చేయగలదో అప్పటికే మహారాష్ట్రలోని గడ్చిరోలిలో రుజువైంది. డాక్టర్ అభయ్ బంగ్ బృందం అక్కడ గ్రామ మహిళలకు ఇంటివద్దే నవజాత శిశువుల సంరక్షణ నేర్పగా, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించింది. రోజులు తగ్గించినా ఫరవాలేదనడానికి ఈ 8 అంకెను వాడుకోవాలనుకునేవారు, దానిలోని 4ను కూడా చదవాలి.

మొదటి వారం జబ్బును పైకి కనిపించే గుర్తులతో పట్టుకోగలమా అన్న సందేహాన్ని 2008లో ఆరు దేశాల అధ్యయనం తీర్చింది. పాలు తాగడంలో ఇబ్బంది, ఫిట్స్, కదిపితేనే కదలడం, వేగంగా ఊపిరి, డొక్కలు లోతుగా ఎగరేయడం, జ్వరం, ఒళ్లు చల్లబడటం, ఈ ఏడు గుర్తులతో మొదటి వారం బిడ్డలోనూ తీవ్రమైన జబ్బును పట్టుకోవచ్చని తేలింది.

గుర్తులు ఏడే, కానీ పట్టుకోవడం తేలిక కాదు. ఊపిరినే తీసుకోండి. నిమిషానికి 60 లేదా ఆపైన ఉంటే వేగం ఎక్కువని నియమం. పసికందు ఊపిరి ఒకే లయలో సాగదు. కొన్ని సెకన్లు ఆగి, ఆపై గబగబా నడుస్తుంది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే విద్యార్థికి తప్పు లెక్కే వస్తుంది. నిండు నిమిషం చూడాలి. 60 వస్తే మళ్లీ ఇంకో నిమిషం లెక్కపెట్టాలి. బిడ్డ ఏడుస్తూ ఉండకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. డొక్కల సంగతి మరీ చిక్కు. ఆ వయసులో ఛాతీ గోడ మెత్తన కాబట్టి ఏ జబ్బూ లేని బిడ్డకు కూడా కొద్దిగా లోపలికి పోతుంది. ఎంత లోతుకు పోతే ప్రమాదమో వీడియో ఒక బిడ్డలో చూపగలదు. ఆరోగ్యంగా ఉన్న పసికందులను వరసగా చూసి చూసి అలవాటుపడిన కన్నే కొత్త బిడ్డలో తేడాను పసిగడుతుంది.

తగ్గించమనేవారి ఇబ్బందీ నిజమే. ప్రతి నలుగురికీ ఒక శిక్షకుడు, సమయంలో 30 శాతం రోగుల దగ్గర అభ్యాసం అన్న ప్రమాణం ఖర్చుతో కూడినది. కుదించిన కోర్సులపై జరిగిన సమీక్షలో, పూర్తి శిక్షణే మెరుగ్గా కనిపించినా తేడా చిన్నదే కావచ్చని రాశారు. అయితే 2022లో అయిదేళ్లలోపు మరణాలు 49 లక్షలైతే, వాటిలో 23 లక్షలు మొదటి 28 రోజుల్లోనివి. అంత మంది బిడ్డల లెక్కలో చిన్న తేడాను చిన్నదిగా కొట్టిపారేయలేం.

నా దృష్టిలో రోజుల సంఖ్య కన్నా ముందు తేల్చాల్సింది శిక్షణలో మొదటి పూట ఎక్కడ గడవాలన్నది. దాన్ని బాలింతల వార్డులో గడిపి, తెర పాఠాలను సాయంత్రానికి ఉంచవచ్చు. ఆ వార్డు ప్రసూతి విభాగానిది, విద్యార్థుల పోస్టింగు పిల్లల విభాగానిది. రెండు విభాగాలూ ఒకే టైంటేబుల్ మీద సంతకం పెట్టాల్సి ఉంటుంది.