గది దాటిన కేటలాగు

విశాఖపట్నం సీతమ్మధారలో మా వీధి చివర ఒక చిన్న అద్దె గ్రంథాలయం ఉంది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు నడుపుతారు. మూడు గోడల నిండా పుస్తకాలు, నాలుగో గోడ పక్కన బల్ల, బల్ల మీద పాత కంప్యూటర్. నోటుపుస్తకాల్లో ఉన్న జాబితాని ఆ కంప్యూటర్లోకి ఎక్కించడానికి నేనొక వెబ్ అప్లికేషన్ పెట్టిచ్చాను. వెనక అట్ట మీది బార్‌కోడ్‌ని కెమెరాకి చూపిస్తే పుస్తకం వివరాలు నమోదైపోతాయి. కంప్యూటర్‌కి తగిలించిన కెమెరాతో చక్కగా నడిచింది. అదే వైఫైలో ఉన్న మాస్టారి ఫోన్‌లో పేజీ వచ్చింది గానీ కెమెరా తెరుచుకోలేదు.

"అదే పేజీ, అదే గది. ఫోనంటే దానికెందుకు పడదు బాబూ?" అన్నారు మాస్టారు. కారణం చెప్పకుండా జవాబొక్కటే చెబితే ఒప్పుకునే మనిషి కారాయన.

కారణం చిరునామాలో ఉంది. కంప్యూటర్లో ఆ పేజీని లోకల్‌హోస్ట్, అంటే 127.0.0.1 అనే చిరునామాతో తెరిచాం. ఏ యంత్రమైనా తనతో తాను మాట్లాడుకోవడానికి వాడుకునే చిరునామా అది. ఆ మాట గాలిలోకీ తీగలోకీ వెళ్లదు, దారిలో పొంచి వినేవాడుండడు, కాబట్టి బ్రౌజర్ నమ్ముతుంది. ఫోన్‌లో తెరిచినది 192.168.1.20, వైఫైలో ఆ కంప్యూటర్‌కి ఉన్న చిరునామా. అది గడప దాటిన మాట. గడప దాటాక కెమెరా, మైకు, మనం ఉన్న చోటు వంటివి హెచ్‌టీటీపీఎస్, అంటే మాటకి తాళం వేసి పంపే పద్ధతి, లేని పేజీకి ఇవ్వకూడదని బ్రౌజర్ల నియమం. నాకు ఇది మంచి నియమం అనిపిస్తుంది, ఆ రోజు మా పని ఆపినా సరే.

మాస్టారికి ఇంకో కోరిక కూడా ఉంది. గాజువాక నుంచి, మధురవాడ నుంచి బస్సెక్కి వచ్చిన పాఠకులు, అడిగిన పుస్తకం ఇంకెవరి దగ్గరో ఉందని తెలిసి వట్టి చేతులతో వెళ్తున్నారు. ఇంటి నుంచే చూసుకునే వీలుంటే బాగుండునని ఆయన ఆశ. అప్లికేషన్‌ని బయటికి చూపించడం, దానికి హెచ్‌టీటీపీఎస్ తాళం వేయడం ఒకటే పని అనుకుంటారు చాలామంది. మొదటిది దారికి సంబంధించిన చిక్కు. రెండోది గుర్తింపుకి సంబంధించినది. వీటిని విడదీసుకుంటే సగం తికమక అక్కడే పోతుంది.

ముందు దారి సంగతి. 192.168.1.20 అనేది ఫ్లాట్ నంబరు లాంటిది. 302 నంబరు ఫ్లాటు మురళీనగర్‌లోనూ ఉంటుంది, ఎంవీపీ కాలనీలోనూ ఉంటుంది. ఉత్త 302 అని రాసి ఉత్తరం వేస్తే చేరదు. 192.168తో, 10తో మొదలయ్యే చిరునామాలనూ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవాటినీ ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికని 1996 నాటికే పక్కన పెట్టేశారు. ప్రపంచానికి కనిపించేది రూటర్ చిరునామా. లోపలివాళ్లు బయటికి ఏమడిగారో రూటర్ గుర్తుపెట్టుకుని, జవాబు రాగానే ఎవరిది వాళ్లకి అందిస్తుంది. పిలవకుండా వచ్చినవాళ్లని మాత్రం, ఎవరి కోసం వచ్చారో తెలియక, గేటు దగ్గరే ఆపేస్తుంది. "ఫలానా పనిమీద వచ్చినవాళ్లని 302కి పంపు" అని వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచితే అదే పోర్ట్ ఫార్వర్డింగ్.

మాస్టారి గదిలో అదీ కుదరలేదు. రూటర్ సెట్టింగుల్లో బయటి చిరునామా 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఆ వరుసని ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల కోసమే 2012లో కేటాయించారు. ఇలా నాలుగు అంకెలతో రాసే చిరునామాల పద్ధతి పేరు ఐపీవీ4, అందులో ఉన్న చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. వాటి ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. అందుకని ఒకే బయటి చిరునామాని ఎన్నో ఇళ్లకి పంచుతున్నారు. అంటే మన అపార్ట్‌మెంట్ గేటు అవతల ఇంకో పెద్ద గేటు ఉంది, ఆ వాచ్‌మన్‌కి మనం ఏమీ చెప్పలేం. దాని తర్వాత వచ్చిన ఐపీవీ6లో ఈ కరువు లేదు, కానీ ఐపీవీ4 మాత్రమే ఉన్న పాఠకులకి ఆ దారి అందదు.

ఇలాంటి చోట పనికొచ్చేది టన్నెల్. మన జాలరిపేట ఒడ్డున పెద్ద వల వేయడం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్తుంది, తాడు కొస మాత్రం ఒడ్డు మీది వాళ్ల చేతిలోనే ఉంటుంది. వలలో పడినదంతా ఆ తాడు వెంటే ఒడ్డుకొస్తుంది. గ్రంథాలయం కంప్యూటర్ కూడా తానే బయటికి వెళ్లి, పబ్లిక్ చిరునామా ఉన్న ఒక సర్వర్‌తో సంబంధం కలుపుకుని, దాన్ని తెగకుండా పట్టుకుంటుంది. లోపలి నుంచి వెళ్లిన సంబంధం కనుక ఏ వాచ్‌మనూ ఆపడు. పాఠకుడు ఆ సర్వర్‌ని తడితే, ఆ తట్టు తాడు వెంట గదిలోకి వస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, ఎన్‌గ్రోక్ ఈ సేవనే అందిస్తాయి. నెలకి కొద్దిపాటి అద్దెకి ఒక సర్వర్ తీసుకుని, దూరపు యంత్రంతో భద్రంగా మాట్లాడే ఎస్‌ఎస్‌హెచ్‌తో మనమే వేసుకోవచ్చు కూడా.

ఇక్కడ ఒక విషయం తెలిసే ఎంచుకోవాలి. మధ్యవర్తి సర్వర్ దగ్గరే తాళం తీసే ఏర్పాటైతే, లోపల ఏముందో మధ్యవర్తి చూడగలడు. తాళం వేసినది వేసినట్టే మన కంప్యూటర్ దాకా వచ్చే ఏర్పాటైతే చూడలేడు. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారన్నది వాళ్ల సొంత సంగతి. అందుకే మేం రెండోదే ఎంచుకున్నాం, పని కాస్త ఎక్కువైనా.

ఇక తాళం. ఎన్నడూ కలవని ఇద్దరు, అందరూ వింటుండగా మాట్లాడుకుంటూనే, ఎవరికీ తెలియని ఒక అంకెని ఎలా పంచుకోగలరు? దీనికి దారిని 1976లో డిఫీ, హెల్‌మాన్ ప్రచురించారు. ఇది చెప్పినప్పుడు మాస్టారు కాగితం, కలం తీసుకున్నారు. బహిరంగంగా ఒప్పుకున్న అంకెలు 17, 3. ఆయన మనసులో రహస్యంగా 4 అనుకున్నారు. 3ని నాలుగుసార్లు (3×3×3×3) గుణిస్తే 81, దాన్ని 17తో భాగిస్తే శేషం 13. అది పైకి చెప్పారు. నా రహస్యం 7. మూడుని ఏడుసార్లు గుణిస్తే 2187, శేషం 11. అది నేను పైకి చెప్పాను. ఇప్పుడు ఆయన నా 11ని తన 4 సార్లు గుణించి 17తో భాగించారు, శేషం 4. నేను ఆయన 13ని నా 7 సార్లు గుణించి భాగించాను, శేషం 4. వినేవాడికి 17, 3, 13, 11 అన్నీ తెలుసు, అయినా మా ఇద్దరి మధ్య కుదిరిన 4 వాడి చెవిన పడలేదు. ఇంత చిన్న అంకెలైతే వాడు ఒక్కొక్కటే వేసి చూసి కనుక్కుంటాడు. నిజంలో ఇవి 70 అంకెలు దాటిన సంఖ్యలు, మామూలు గుణకారం బదులు వక్రరేఖల మీద లెక్క. వెనక్కి విప్పడం నేటి కంప్యూటర్లకి చేతకాదు.

మాస్టారు కాగితం పక్కన పెట్టి, "లెక్క బాగానే ఉంది. అవతల ఉన్నది నువ్వేనని నాకెలా తెలుస్తుంది?" అన్నారు. సరిగ్గా అక్కడే సర్టిఫికెట్ అవసరం పడుతుంది. మధ్యలో ఎవడో దూరి మాస్టారితో ఒక రహస్యం, నాతో ఇంకో రహస్యం కుదుర్చుకుంటే ఇద్దరం మోసపోతాం. అందుకని "ఈ పేరు గల సైటు తాళం చెవి ఇదే" అని ఒక నమ్మకమైన సంస్థ సంతకం చేసివ్వాలి. ఆ సంస్థల జాబితా మన ఫోన్లలో ముందే ఉంటుంది.

ఒకప్పుడు ఈ సంతకానికి ఏటా డబ్బు కట్టాల్సి వచ్చేది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న గ్రంథాలయాలకి, బడులకి, ఒంటరిగా పనిచేసేవాళ్లకి ఇది ఎంత మేలు చేసిందో నేను తలుచుకోని రోజు లేదు. వాళ్ల తనిఖీ కూడా సూటిగా ఉంటుంది. "ఈ పేరు నీదే అంటున్నావు కదా, నేను చెప్పిన ఈ మాటని ఆ పేరింటి గుమ్మం మీద అంటించు, వచ్చి చూస్తాను" అంటుంది. సైటులో ఒక చిన్న ఫైలుగా గానీ, పేర్లని చిరునామాలకి కలిపే డీఎన్‌ఎస్‌లో ఒక వరుసగా గానీ ఆ మాట పెడితే సరిపోతుంది. సర్టిఫికెట్ గడువు దాటకముందే మళ్లీ తీసుకోవాలి. క్యాడీ లాంటి ప్రోగ్రాము ఇదంతా తానే చూసుకుంటుంది.

క్యాడీకి ఇంకో పని కూడా ఉంది. ఇన్నర్ హార్బర్‌కి వెళ్లే ఓడలన్నీ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న కాలువలోంచే రావాలి, పైలట్ ఎక్కి నడిపిస్తాడు, ఆ తర్వాత ఏ ఓడ బెర్తు దానిది. అలాగే క్యాడీ వచ్చినవాళ్లందరినీ 443వ పోర్టులో, అంటే హెచ్‌టీటీపీఎస్ తలుపులో, ఒక్కచోటే ఆహ్వానించి, తాళం తీసి, లోపల ఏ అప్లికేషన్‌కి వెళ్లాలో అక్కడికి పంపుతుంది. మా అప్లికేషన్ 127.0.0.1లోనే ఉండిపోయింది, బయటివాళ్లు నేరుగా దాన్ని తాకలేరు. దీంతో ఒక చిక్కు వచ్చిపడింది. తన దగ్గరికి తాళం తీసి పంపుతున్నారని అప్లికేషన్‌కి తెలియదు. అందరూ తాళం లేని హెచ్‌టీటీపీలో వస్తున్నారనుకుని "హెచ్‌టీటీపీఎస్‌కి వెళ్లు" అని వెనక్కి పంపుతూ ఉంది, పేజీ గిరగిరా తిరుగుతూ ఉంది. అసలు సందర్శకుడు ఏ దారిన వచ్చాడో చెప్పే హెడర్‌ని, అంటే క్యాడీ జతచేసి పంపే చీటీని, నమ్మమని అప్లికేషన్‌కి చెప్పాక గానీ అది ఆగలేదు. ఒక పూటంతా దీనికే పోయింది.

సర్టిఫికెట్ వచ్చిన కాసేపటికే లాగ్‌లో, అంటే వచ్చినవాళ్ల చిట్టాలో, ముక్కూ మొహం తెలియని చిరునామాలు కనిపించాయి. మేం సైటు పేరు ఇంకా ఎవరికీ చెప్పలేదు, మరి వాటికెలా తెలిసింది? 2011లో డిజినోటార్ అనే డచ్ సంస్థలోకి దొంగలు చొరబడి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. అలాంటివి బయటపడాలనే ఆ తర్వాత, ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌నూ అందరూ చూడగల పద్దుల్లో నమోదు చేసే పద్ధతి వచ్చింది. ఆ పద్దుల్ని మంచివాళ్లూ చదువుతారు, గాలించే బాట్లూ, అంటే తమంతట తామే తిరిగే ప్రోగ్రాములూ, చదువుతాయి. అవి మా దగ్గర లేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీని వెతికాయి, పాస్‌వర్డ్‌లు దాచే ఫైలుని వెతికాయి. తాళం వాటిని ఆపదు, మాట దారిలో ఎవరి చెవినా పడకుండా, చెడిపోకుండా చూడడమే దాని పని. అందుకని ఊరికి పేరు చెప్పేముందే అప్లికేషన్ పెట్టినప్పటి మొదటి పాస్‌వర్డ్ మార్చాం, నమోదు చేసే పేజీని మాస్టారి లాగిన్‌కే పరిమితం చేశాం. 2014 హుద్‌హుద్ తుపాను నాటి చీకటి రోజులు గుర్తొచ్చి, రోజూ రాత్రి జాబితా నకలు ఇంకో ఊళ్లోని సర్వర్‌కి వెళ్లే ఏర్పాటూ చేశాం.

మర్నాడు ఫోన్‌లో కెమెరా తెరుచుకుంది. మాస్టారు అల్మారా దగ్గరే నిలబడి మొదటి వరుస పూర్తి చేశారు. ఆ వారంలోనే ఒక రాత్రి గాజువాక నుంచి ఒకావిడ ఒక పుస్తకం తన పేరున పెట్టించుకున్నారు. పొద్దున మాస్టారు తాళం తీయగానే ఆ పుస్తకాన్ని వెతికి బల్ల మీద విడిగా పెట్టారు.