ఇంజిన్‌కీ ఇంటిపేరు ఉంటుంది

చిరంజీవులు బుజ్జికీ, చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నువ్వు పంపిన ఫోటో చూశాను. ప్లాట్‌ఫాం మీద నువ్వూ చెల్లీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. మీ వెనక ఇంజిన్ ఉంది. ఉంది అంటే పావు వంతు ఉంది. 302 అని మూడంకెలు కనబడుతున్నాయి, తరవాతి రెండూ నీ చెవి వెనక దాక్కున్నాయి. కింద రెండు ప్రశ్నలు రాశావు. "ఈ ఇంజిన్ పేరేంటి తాతయ్యా?" అని ఒకటి. "రైళ్ళన్నీ ఒకేలా ఉంటాయి కదా, వాటిని అన్నిసార్లు ఫోటో ఎందుకు తీస్తావు?" అని ఇంకొకటి. మొదటిదానికి జవాబు తేలిక. రెండోదానికి నేను టెక్కలి దాకా వెళ్ళి రావాలి.

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది కదా, ఇంజిన్‌కీ అంతే. నీ ఫోటోలో దాని పక్క మీద డబ్ల్యూఏపీ-7 అని రాసి ఉంది చూడు. అందులో డబ్ల్యూ ఇంటిపేరు. బ్రాడ్ గేజ్ వాళ్ళన్నమాట. ఒక పట్టాకీ రెండో పట్టాకీ మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉండే దారి వాళ్ళది. మీటర్ గేజ్ వాళ్ళ ఇంటిపేరు వై. రెండున్నర అడుగుల చిన్న పట్టాల వాళ్ళది జెడ్. రెండో అక్షరం గోత్రం అనుకో. అది ఏం తిని బతుకుతుందో చెబుతుంది. (గోత్రం తిండి సంగతి చెప్పదు, నాకు తెలుసు. కానివ్వండి.) ఏ అంటే పైన తీగలో పారే ఏసీ కరెంటు, డి అంటే డీజిల్. ఆవిరి ఇంజిన్లకి ఈ చోట అక్షరమే ఉండేది కాదు, అందుకే నా చిన్నప్పటి పెద్ద ప్యాసింజర్ ఇంజిన్ని ఊరికే డబ్ల్యూపీ అనేవాళ్ళు. మూడో అక్షరం వృత్తి. పి అయితే మనుషుల్ని మోస్తుంది, జి అయితే సరుకు లాగుతుంది, ఎస్ అయితే యార్డులోనే పెట్టెల్ని అటూ ఇటూ సర్దుతుంది, ఎమ్ అయితే మీ అమ్మమ్మలాగా అన్ని పనులూ చేస్తుంది. చివరి 7 మోడల్ లెక్క. ఆ అయిదంకెల నంబరే దాని సొంత పేరు.

పుట్టిల్లూ అత్తిల్లూ కూడా ఉన్నాయి. 302తో మొదలయ్యే ఈ రకం ఇంజిన్లకి పుట్టిల్లు పశ్చిమ బెంగాల్లోని చిత్తరంజన్ కార్ఖానా. ఆ కార్ఖానాలో 1950లో తయారైన మొట్టమొదటి ఆవిరి ఇంజిన్‌కి నిజంగానే 'దేశబంధు' అని పేరు పెట్టారు. దేశబంధు చిత్తరంజన్ దాస్ గారి పేరు మీదే ఆ ఊరూ వెలిసింది. ఇక అత్తిల్లు అంటే షెడ్. ఇంజిన్‌కి నూనె మార్చేదీ, జ్వరమొస్తే చూసేదీ అక్కడే. ఆ షెడ్ పేరు కూడా ఇంజిన్ మీద రాస్తారు. నీ ఫోటోలో ఉన్నది సికింద్రాబాద్ దగ్గరి లాలాగూడ కోడలు. కొన్నేళ్ళకి ఇంజిన్ని ఒక షెడ్ నుంచి ఇంకో షెడ్‌కి పంపేస్తారు. అప్పుడు దాన్ని ఏమనాలో నాకు తోచడం లేదు, కాబట్టి ఈ పోలిక ఇక్కడ దించేస్తున్నాను.

ఇప్పుడు టెక్కలి.

మాది టెక్కలి దగ్గర పల్లె అని మీకు తెలుసు. మెయిన్ లైన్ మీద నౌపడా అని స్టేషన్ ఉంది, ఉప్పు పండే చోటు. అక్కడ మొదలై టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా ఒక చిన్నబండి నడిచేది. పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో వేయించిన లైను, 1900లో మొదలైంది. జెడ్ వాళ్ళ దారి అది, రెండున్నర అడుగుల పట్టాలు. ఇంజిన్ ఎంత చిన్నదంటే మా ఊరి పెద్దల్లో కొందరు దాన్ని వాడూ వీడూ అని పిలిచేవారు. "వాడింకా రాలేదేంట్రా?" అంటే అది బండి గురించే.

కిటికీలోంచి తల పెట్టి ముందుకి చూడకూడదని మా అమ్మ ప్రతిసారీ చెప్పేది. నేను ప్రతిసారీ చూసేవాణ్ణి. ప్రతిసారీ బొగ్గు నలుసు కంట్లో పడేది. అమ్మ పమిట చెంగు ఉండ చుట్టి, నోటితో ఊది, ఆ వెచ్చదనాన్ని కంటికి అద్దేది. రెండోసారి అద్దేటప్పుడు నెత్తి మీద ఒక మొట్టికాయ. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ వాసన తగిలితే నా చెయ్యి ముందు నెత్తి మీదకి వెళుతుంది, తరవాతే కంటి దగ్గరికి.

మా చిన్నమామయ్య దగ్గర అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. రీలుకి పన్నెండే ఫోటోలు. మా చిన్నత్తకి పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళే రోజు ఆయన ఆ కెమెరా నా చేతికిచ్చి, "చూసి తియ్యి, పన్నెండే ఉన్నాయి" అన్నాడు. టెక్కలి స్టేషన్లో పన్నెండూ తీశాను. ఏడుస్తున్న అత్త, ఏడుపు ఆపుకుంటున్న తాత, లడ్డూల బుట్ట పట్టుకుని నిలబడ్డ పెదనాన్న. పది గజాల అవతల బండి నిలబడి ఉంది. దాన్ని తియ్యాలని నాకు తోచలేదు. రోజూ వచ్చే బండిని ఎవరు తీస్తారు? ఫిల్ము దండగ.

ఆ పన్నెండింట్లో ఒక్క ఫోటోలో, అత్త ఎడమ భుజం వెనక, పెట్టె కిటికీ చువ్వలు రెండూ, దాని కింద ఒక అంకెలో సగమూ పడ్డాయి. మూడో ఎనిమిదో తెలియదు. యాభై ఏళ్ళ పైనుంచి భూతద్దం పెట్టి చూస్తున్నాను. 2004లో ఆ చిన్న పట్టాలు పీకేసి పెద్దవి వెయ్యడానికి లైను మూసేశారు. ఇప్పుడు అక్కడ బ్రాడ్ గేజ్ రైలు తిరుగుతోంది. ఊళ్ళవాళ్ళకి అదే మేలు, నేను కాదనను. కానీ నా చిన్నబండి నా దగ్గర అత్త భుజం వెనక ముక్కగానే మిగిలింది.

బుజ్జీ, అందుకే నీ ఫోటోలో ఇంజిన్ పావు వంతే పడిందని నేను కోప్పడను.

'అన్నీ ఒకేలా' అన్నావు చూడు, ఆ మాట మీద మాత్రం కొంచెం తగాదా ఉంది. మీ అమ్మ చిన్నప్పుడు మేం ఎక్కిన పెట్టెలు ఇటుక రంగువి. తరవాత నీలం రంగువి వచ్చాయి. రెండూ మద్రాసు పెరంబూరు కార్ఖానా రకం పెట్టెలే. ఆ కార్ఖానా 1955లో మొదలైంది. ఆ పాత రకం పెట్టెల తయారీ 2018లో ఆపేశారు. నీలం పెట్టెలు రోజూ వేలల్లో తిరిగే రోజుల్లో వాటి వంక ఎవరూ చూడలేదు. ఇప్పుడు ప్లాట్‌ఫాం మీద ఒక్కటి కనబడితే నేను చేతిలో టీ పక్కన పెట్టేస్తున్నాను. పెట్టె మీది నంబరులో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరం. ఈసారి బండెక్కేముందు చూడండి, మీరు ఎక్కేది మీకంటే పెద్దదో చిన్నదో తెలిసిపోతుంది.

పేర్లు కూడా ఇలాగే దాక్కుని ఉంటాయి. విజయవాడ స్టేషన్ కోడ్ బీజెడ్ఏ. అందులో బెజవాడ ఉంది. కాకినాడ టౌన్‌కి సీసీటీ, ఇంగ్లీషువాళ్ళు పిలిచిన కొకనాడా అది. ఊరు పేరు మారినా టికెట్ మీద పాత పేరు తిరుగుతూనే ఉంటుంది.

ఇక ఫోటో ఎలా తియ్యాలో అడగలేదు గానీ చెబుతాను. ముందు ఇది: పట్టాల మీదకి దిగకూడదు, పసుపు గీత దాటకూడదు. పట్టాల మీదకి అనుమతి లేకుండా దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచు, వేగంగా వచ్చే బండి బ్రేకు వేసినా ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది. నిన్ను చూశాక డ్రైవర్ చెయ్యగలిగింది కూత వెయ్యడమే. పైన తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు, గాల్లోంచే అందుకుంటుంది. కాబట్టి వంతెన మీద నిలబడి సెల్ఫీ కర్ర పైకెత్తడాలు వద్దు. ఎదురుగా వచ్చే ఇంజిన్ మీద ఫ్లాష్ కొట్టొద్దు, అవతల కళ్ళు ఒక మనిషివి. చిట్టీ, ఇది నీకు కూడా. నువ్వు నవ్వి ఊరుకుంటావని తెలుసు.

కదిలే రైలు ఫోటోలో ఎందుకు అలుక్కుపోతుందో లెక్క వేద్దాం. గంటకి 110 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి ముప్ఫై మీటర్లు. కెమెరా కన్ను సెకనులో అరవయ్యో వంతు తెరిచి ఉంచితే, ఆ కాసేపట్లోనే ఇంజిన్ అర మీటరు జరిగిపోతుంది. వెయ్యో వంతు తెరిస్తే మూడు సెంటీమీటర్లే. ఎండ బాగా ఉంటే ఫోన్ తనంతట తనే ఆ పని చేస్తుంది. పొద్దున్నే వెళ్ళండి, సూర్యుడు మీ వీపు మీద ఉండేలా నిలబడండి, ఇంజిన్ ముక్కూ ఒక పక్కా రెండూ కనబడే కోణం చూసుకోండి. మనుషుల్ని తప్పించకండి. టీ అమ్మేవాడూ, పచ్చజెండా పట్టుకున్న గార్డూ లేకపోతే అది ఉత్త ఇనుము.

తీశాక నోట్‌బుక్‌లో రాయండి. తేదీ, స్టేషన్, బండి నంబరు, ఇంజిన్ నంబరు, షెడ్, ఎటు వెళుతోంది. ఫోన్లో తేదీ ఉంటుందిగా అనకండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో చిక్కిపోతుంది, దానితో వచ్చిన తేదీ, చోటు వివరాలూ ఊడిపోతాయి. 1990ల్లో నేను తీసిన ప్రింట్లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వెనక ఒక్క ముక్క రాయలేదు. గుర్తుంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు వాటిని చూస్తే ఎవరిదో పెళ్ళి ఆల్బం చూస్తున్నట్టుంది.

రాజమండ్రి వస్తే సాయంత్రం గోదావరి గట్టుకి తీసుకెళతాను. పాత హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్ళని మోసింది. ఇప్పుడు ఖాళీగా నిలబడి ఉంది, 56 ఖానాల ఇనుప వంతెన. పైన రోడ్డూ కింద రైలూ ఉన్నది 1974 నాటిది. విల్లుల్లాంటి కాంక్రీటు వంతెన వాటికి చెల్లెలు. అక్కడ ఫోటో మీరే తియ్యాలి, నేను చెయ్యి పెట్టను.

ఒక్క సంగతి మాత్రం ఎంత ఆలోచించినా నాకు తెమలదు. మీ ఫోటోలోని ఇంజిన్ బరువు 123 టన్నులు. పన్నెండు చక్రాలు. అంటే ఒక్కో చక్రం మీద పది టన్నుల పైనే. ఆ చక్రం పట్టాని తాకే చోటు ఎంతో తెలుసా? మీ బొటనవేలి గోరంత. అలాంటి పన్నెండు గోళ్ళ పట్టుతో, నున్నటి ఇనుము మీద నున్నటి ఇనుము ఆనుకుని, ఇరవై పైచిలుకు పెట్టెల్లో వెయ్యిమందికి పైగా జనాన్ని, వాళ్ళ ఆవకాయ జాడీలతో సహా లాక్కుపోతుంది. దీనికి లెక్కలున్నాయి, నేను చదివాను. చదివాక కూడా ఇంజిన్ కదిలే మొదటి క్షణంలో వంగి ఆ చక్రం కింద చూస్తాను. మీరూ పసుపు గీత ఇవతల నుంచే చూడండి.

ఇక మీకో పని. పాత స్టేషన్లలో ప్లాట్‌ఫాం కప్పుని మోసే స్తంభాలు చాలాచోట్ల వాడేసిన పాత పట్టాలే. నిలువునా పాతేసి రంగు వేస్తారు. పట్టా నడుం మీద కార్ఖానా పేరూ, తయారైన సంవత్సరమూ ఉబ్బెత్తుగా ఉంటాయి. పది పూతల రంగు కింద కంటికి కనబడవు. వేలితో తడిమితే తెలుస్తాయి. ఎదురుగా నిలబడి తీస్తే ఫోటోలో ఏమీ రాదు. పొద్దుటి ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడుతున్నప్పుడు తియ్యండి, ప్రతి అక్షరానికీ ఒక నీడ లేచి నిలబడుతుంది. ఈ ఆదివారం నాన్నని తీసుకుని వెళ్ళి, అన్నిటికంటే పాత సంవత్సరం ఏ స్తంభం మీద ఉందో పట్టుకోండి. ముందు ఎవరు కనిపెట్టారో కూడా రాయండి, తగువు తీర్చడానికి నాకు పనికొస్తుంది.

ఉంటాను.

మీ తాతయ్య

తా.క. చిట్టీ, ఆ రోజు నువ్వు కూడా అమ్మ ఫోన్‌తో ఒక ఫోటో తీశావట. అందులో అన్నయ్య చెవి కాస్త పక్కకి జరిగి ఉందేమో చూసి చెప్పు. నాకు ఇంకా రెండంకెలు కావాలి.