సెలెరీ పుట్టిల్లు చిత్తడి నేల

సీమ కూరగాయలు బెంగళూరుకు కొత్త కావు. 1874లో లాల్‌బాగ్ ఉద్యానవనం బాధ్యతలు తీసుకున్న జాన్ కామెరాన్ బయటి దేశాల పంటలెన్నో ఇక్కడ అలవాటు చేశారు. మనం బెంగళూరు వంకాయ అని కొనే కాయను ఇక్కడికి తెచ్చిన పేరు కూడా ఆయనదే. ఆ ధైర్యంతోనే కావచ్చు, మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు మిద్దెతోటలు వేసుకున్న మన తెలుగువాళ్ళు చాలామంది, లావు కాడల కోసం పెంచే సీమ కూర సెలెరీ విత్తనాలు కొంటారు. ముల్లంగి పెంచినట్టే పెంచుతారు. చివరికి చేతికొచ్చేది సన్నగా, చేదుగా, నమిలినకొద్దీ పీచు మిగిలే కాడలు. ఊరు చల్లగానే ఉంది. లోపమంతా నీళ్ళ దగ్గర ఉంది.

సెలెరీ ధనియాలు, వాము, జీలకర్రల కుటుంబానికి చెందినది. దాని అడవి రూపం యూరప్, మధ్యధరా తీరాల చిత్తడి నేలల్లో పెరుగుతుంది. బురదలో బతికే మొక్కకు నీటి కోసం లోతుకు వెళ్ళే పని ఉండదు. అందుకే దాని వేళ్ళు చాలావరకు పైమట్టిలోనే అల్లుకుంటాయి. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని కలమజూలో డచ్ వలస రైతులు సెలెరీ సాగుకు పేరు తెచ్చుకున్నది కూడా బురద నేలల్లోనే. మన ఎర్రమట్టిలో పై పొర తొందరగా ఆరిపోతుంది. కాబట్టి కుండీలో సగానికి దగ్గరగా పశువుల ఎరువో వర్మీకంపోస్టో కలిపి, పైన ఎండుటాకులు పరచాలి. వేసవి దగ్గరపడితే పూటపూటా తడి చూడాలి.

నీళ్ళు ఒక్కసారి తప్పితే ఏమవుతుందో మొక్క నడిబొడ్డులో కనిపిస్తుంది. బయటి కాడలు పచ్చగా ఉండగానే లోపలి లేత ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, తర్వాత నల్లబడి కుళ్ళుతాయి. దీనికి కారణం కాల్షియం అందకపోవడం. కాల్షియం మొక్కలో నీటి ప్రవాహంతోపాటే పైకి వెళుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరైనకొద్దీ ఆ ప్రవాహం సాగుతుంది. ఎండ తగిలే పెద్ద ఆకులు ఎక్కువ నీటిని లాక్కుంటాయి. ముడుచుకుని ఉన్న లేత ఆకుల నుంచి ఆవిరయ్యేది తక్కువ కాబట్టి వాటి వాటా ఎప్పుడూ చిన్నదే. మట్టి ఆరిన రోజున ఆ కాస్తా అందదు. టమాటా కాయ అడుగు నల్లబడటం వెనక ఉన్నదీ ఇదే. మట్టిలో సున్నం దండిగా ఉన్నా, తడి నిలకడగా లేకపోతే ఉపయోగం ఉండదు.

పీచు సంగతీ నీళ్ళతో ముడిపడినదే. ఒక కాడను ఎర్రరంగు కలిపిన నీళ్ళలో కొన్ని గంటలు ఉంచి అడ్డంగా కోసి చూడండి. వంపు పొడవునా వరసగా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి నీటి గొట్టాలు. పళ్ళకు తగిలే పీచులో ఎక్కువ భాగం వాటికి బయట, కాడ గట్ల కిందే ఉంటుంది. అది కాడను నిటారుగా నిలబెట్టే మందపాటి గోడల కణజాలం. నీటి ఎద్దడి వస్తే కాడ లోపల బెండుబారి పీచు ఇంకా ముదురుతుంది.

విత్తనాల దగ్గర ఓపిక కావాలి. గ్రాముకు రెండు వేలకు పైగా తూగే ఈ గింజలకు మొలవడానికి వెలుతురు అవసరం. మట్టి కప్పితే చాలావరకు మొలవవు. వేడి 30 డిగ్రీలు దాటితే నిద్రావస్థలోకి జారుకుంటాయి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆగస్టులో నీడపట్టున తడి కొబ్బరిపొట్టు మీద చల్లి, వేలితో అదిమితే చాలు. మొలకకు రెండు మూడు వారాలు పడుతుంది. అక్టోబరు వానల్లో నారు నాటుకుంటే, ఎండలు ముదిరేలోగా కోతకొస్తుంది. బెంగళూరుకు ఇక్కడొక వరం ఉంది. రోజుల తరబడి 10 డిగ్రీల దగ్గర చలి తగిలితే సెలెరీ పూకాడ వేసి పనికిరాకుండా పోతుంది. మన జనవరి రాత్రులు మామూలుగా అంత చల్లబడవు. చెన్నైలో ఉన్నవాళ్ళు లావు కాడల మీద ఆశ పెట్టుకోకుండా, ఆకు కోసం పెంచే సన్నకాడల రకం వేసుకోవడం మేలు.

సెలెరియాక్ ఇదే జాతిలో, దుంప కోసం పెంచే మరో రకం. దుంప అంటాం గానీ అందులో కాండం అడుగుభాగం కూడా కలిసి ఊరుతుంది. అందుకే నాటేటప్పుడు మొదలు మట్టిలో పూడిపోకూడదు. ఊరేకొద్దీ కింది ఆకులు, పక్కవేళ్ళు తీసేస్తుండాలి. విత్తనం నుంచి ఆరు నెలలకు పైగా పడుతుంది కాబట్టి జూలైలోనే మొదలుపెట్టాలి. తొక్క మందంగా చెక్కి, ముక్కలు నల్లబడకుండా పలుచని మజ్జిగలో వేసి, ఆవాలు, ఎండుమిరపతో తాలింపు పెట్టి వేయిస్తే అన్నంలోకి చాలా బాగుంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సెలెరీ రసంలో సోరాలెన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మానికి అంటి, పైన ఎండ తగిలితే బొబ్బలు లేవవచ్చు. తెగులు సోకిన కాడల్లో అవి మరీ ఎక్కువ. కాడలు సాయంత్రం పూట కోసి, వెంటనే సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కోండి.