ఖురాన్ ధారాళంగా చదివే పిల్లాడికి నత్తి ఎందుకు? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. కోటమిట్ట వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేవే ఇవి, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: "ఖురాన్ చదివేటప్పుడు ఒక్క తడబాటు ఉండదు మేడమ్, ఇంట్లో మాట్లాడితేనే నత్తి. కావాలనే చేస్తున్నాడు."

లేదండీ, కావాలని కాదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది పాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు హాయిగా పలుకుతారు. పారాయణంలో ఏం పలకాలో ముందే తెలుసు, ఎక్కడ ఎంత సాగదీయాలో తెలుసు, ఎక్కడ ఆగాలో గుర్తులుంటాయి. అదే "అమ్మీ, ఈరోజు స్కూల్లో..." అని మొదలుపెట్టాలంటే మాట వెతుక్కోవాలి, వాక్యం కట్టుకోవాలి, పైగా నవ్వుతారేమోనన్న టెన్షన్, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. దయచేసి కొట్టకండి. మధ్యలో అందుకుని మీరే మాట పూర్తి చేయకండి, వాడు చెప్పేదాకా వినండి.

అపోహ: తజ్వీద్ (ఖురాన్‌ను సరైన ఉచ్చారణతో చదివే పద్ధతి) అంటే రాగం తీయడమే, మాట శాస్త్రంతో దానికేం పని?

ఇది మా తోటి థెరపిస్టులే అంటుంటారు, నాకు బాధేస్తుంది. అక్షరం పుట్టే చోటును మఖ్రజ్ అంటారు. 1429లో కన్నుమూసిన తజ్వీద్ పండితుడు ఇబ్న్ అల్ జజరీ అవి 17 అని చెప్పారు, ఒక్క గొంతులోనే మూడు చోట్లు, ఆరు అక్షరాలు. మనం బళ్లో నేర్చుకున్న కంఠ్యాలు, తాలవ్యాలు, ఓష్ఠ్యాలు కూడా ఇదే చూపుతో చేసిన విభజన కదా. ఒక హజ్రత్ (ఖురాన్ నేర్పే గురువు) పిల్లలకు నేర్పుతుంటే దగ్గర కూర్చుని చూశాను: అక్షరం ముందు "అ" చేర్చి "అబ్" అనిపించి, ధ్వని ఎక్కడ ఆగిందో అక్కడే దాని పుట్టుక అని చూపించారు. పెదవులు మూసుకుని ఆగిపోయిన ఆ క్షణంలో పిల్లలకు అర్థమైపోయింది, నేను అద్దం పెట్టి అరగంట చెప్పేది అదే. ఆ పద్ధతిని మామూలు మాటలతో వాడుకుంటాను. ఆయతులను (ఖురాన్ వాక్యాలను) మాత్రం ఎక్సర్‌సైజు చేయను, అది వాళ్ల ఆరాధన.

అపోహ: మదర్సాలో వేస్తే మాటలు అవే వస్తాయి.

మూడేళ్లొచ్చినా మాటలు రాకపోతే ముందు వినికిడి పరీక్ష, ఆ తర్వాతే ఏదైనా. ఖురాన్‌లో "ర" చక్కగా పలికే పిల్లాడు "రాత్రి"ని "లాత్రి" అనొచ్చు, మాటల్లో విడిగా సాధన చేయించాలి.

అపోహ: గట్టిగా చదివితే గొంతు గట్టిపడుతుంది. గట్టిపడదు, అలిసిపోతుంది. రంజాన్‌లో రాత్రిపూట తరావీహ్ నమాజు చదివించే హాఫిజ్ గార్లు (ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాళ్లు) ఇఫ్తార్ నుంచి తెల్లవారుజామున తినే సహరీ దాకా నీళ్లు బాగా తాగాలి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

అపోహ: "పక్షవాతం వచ్చాక సూరా చదువుతారు, మాతో మాత్రం మాట్లాడరు."

ఒక పెద్దాయన ఖురాన్ మొదటి అధ్యాయమైన సూరా ఫాతిహా ఏడు ఆయతులూ తప్పు లేకుండా చదివారు, దాహమేస్తే అడగలేకపోయారు. మాతో మాట్లాడటం ఇష్టం లేదేమోనని భార్య ఏడ్చింది. ఇష్టం లేక కాదమ్మా, ఏళ్ల తరబడి రోజూ పలికినవి, ఒకటి రెండు లెక్కపెట్టడంలాంటివి, మాట దెబ్బతిన్నా చాలామందిలో మిగులుతాయి, అప్పటికప్పుడు కూర్చుకోవాల్సిన మాటే రాదు అని చెప్పాను. నేను తెలుగులో "నీళ్లు" అనిపించబోతున్నాను, వాళ్లింట్లో మాట "పానీ". మర్నాటి నుంచి ఆమె గ్లాసు ఎదురుగా పట్టుకుని "పా..." అని అందించి ఆగుతోంది, తొందరపెట్టకుండా.