టొంగరీరో కొండ, వాంగనుయి నది: అపోహలు - వాస్తవాలు

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో నేను గైడుని. సెలవులకు వచ్చినవాళ్లను ఒకరోజు టొంగరీరో అగ్నిపర్వతపు లావా నేల మీద నడిపిస్తాను, మర్నాటి నుంచి వాంగనుయి నదిలో కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) ఎక్కిస్తాను. తెలుగు కుటుంబాలు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒకటే: "అక్కడ అగ్నిపర్వతం పేలితే ఎలాగండీ?" భయపడటంలో తప్పులేదు. కానీ భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

అపోహ: కొండ మీద అసలు ప్రమాదం పేలుడే.

వాస్తవం: అది బతికున్న కొండే. 2012 ఆగస్టు 6 రాత్రి టె మారి బిలం పేలినప్పుడు ఎగిరిపడిన రాళ్లు నడిచేవాళ్లు ఆగే కెటెటాహి బస కప్పును చీల్చేశాయి. అయితే శాస్త్రవేత్తలు కొండను నిత్యం కనిపెట్టి, 0 నుంచి 5 వరకు హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంటారు. నేను మనుషుల్ని వెనక్కి తిప్పిన ప్రతిసారీ కారణం గాలి, చలి.

అపోహ: డిసెంబర్ అంటే ఇక్కడ ఎండాకాలం, జీన్స్, టీషర్ట్ చాలు.

వాస్తవం: కొండ దాటే దారి దాదాపు 20 కిలోమీటర్లు, నడక ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఎత్తైన చోటు రెడ్ క్రేటర్ అనే బిలం దగ్గర, 1886 మీటర్లు. కింద ఎండ కాస్తుంటే పైన వడగళ్లు పడటం నేను చాలాసార్లు చూశాను. ఒకసారి మా గుంపులో పాతికేళ్ల అబ్బాయి, మంచి ఆటగాడు, జీన్స్ తడిసి వణుకుతూ జాకెట్ జిప్పు పైకి లాక్కోలేకపోయాడు. వేళ్లు కొయ్యబారిపోయాయి. వాళ్ల అక్కే జిప్పు వేసి, నోటికి చాక్లెట్ అందించింది. అక్కడి నుంచే అందరం వెనక్కి దిగిపోయాం. ఉన్ని లోపలి బట్టలు, వాన, గాలి ఆపే జాకెట్, టోపీ, గ్లౌజులు లేకపోతే నేను ఎవరినీ తీసుకెళ్లను. "అంత దూరం నుంచి వచ్చాం, డబ్బు కట్టాం" అన్నా సరే.

తాగునీళ్లు దారిలో దొరకవు, మనిషికి కనీసం రెండు లీటర్లు మోయాలి.

రెడ్ క్రేటర్ నుంచి పచ్చని సరస్సుల వైపు దిగేటప్పుడు కాలి కింద బూడిద, గులకరాళ్లు నూకల్లా జారిపోతాయి. భయంతో వెనక్కి వాలితే కూలబడతారు. మడమ గట్టిగా గుచ్చి, మోకాలు కాస్త వంచి, చిన్న అడుగులు వేయాలి.

అపోహ: సరస్సులో కాళ్లు పెట్టి ఫోటో దిగితే ఏమవుతుంది?

వాస్తవం: ఇక్కడి మూలవాసులైన మావోరీలకు ఆ నీళ్లు పవిత్రం, తాకకూడదు. పక్కనున్న నౌరుహోయి శిఖరం ఎక్కవద్దనీ అడుగుతారు. ఈ శిఖరాలను 1887లో వాళ్ల పెద్ద హోరోనుకు టె హ్యూహ్యూ దేశానికి అప్పగించారు. తిరుమల మెట్లదారిలో మోకాళ్ల పర్వతం కథ విన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: ఈత వస్తే నది గురించి టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: నది మీద మా ప్రయాణం టౌమరునుయి నుంచి పిపిరికి దాకా 145 కిలోమీటర్లు, ఐదు రోజులు. వకహోరో నుంచి అయితే 87, మూడు రోజులు. సామానంతా మూత బిగించిన పీపాల్లో పెట్టి కనూకి కట్టేస్తాం. ఉరవడులు, అంటే నీళ్లు రాళ్ల మీద వేగంగా దూకే చోట్లు, చాలావరకు చిన్నవే. కనూ బోల్తా పడితే మాత్రం చాలామంది లేచి నిలబడాలని చూస్తారు. అదే ప్రమాదం, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వైపు చాపాలి. కనూ మీ కంటే దిగువన ఉండాలి, లేదంటే నీళ్లు నిండిన ఆ బరువు మిమ్మల్ని రాయికేసి నొక్కేస్తుంది. కనూలో కూర్చుని ఉండగా, నీళ్లలో పడ్డ చెట్టు మీదికి కొట్టుకుపోతుంటే, మనసు దూరంగా వాలమంటుంది. చెట్టు వైపే వాలండి.

అపోహ: నదికి మనిషి హోదా అనేది మాటవరసకే.

వాస్తవం: వాంగనుయి నదిని ఒక వ్యక్తిగా గుర్తిస్తూ 2017లో చట్టమే చేశారు. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరిని నియమిస్తారు, ఒకరు ప్రభుత్వం నుంచి, ఒకరు నది తెగల నుంచి. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకు అలాంటి హోదా ఇస్తే సుప్రీంకోర్టు నిలిపేసింది. ఇక్కడ నిలబడింది. "నేనే నది, నదే నేను" అని ఇక్కడివాళ్లు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అపోహ: మా మీద వాన పడలేదు కదా, నది పెరగదు.

వాస్తవం: ఎగువన కురిసిన వాన రాత్రికి రాత్రే మన దగ్గరికి వస్తుంది. అందుకే సాయంత్రం కనూలను ఒడ్డు మీద బాగా పైకి లాగి చెట్లకు కట్టేస్తాం. పడుకునే ముందు నీటి అంచున ఇసుకలో ఒక పుల్ల గుచ్చుతాను. తెల్లవారి లేవగానే, టీ కంటే ముందు, ఆ పుల్ల ఎక్కడుందో చూస్తాను.