కొండల నడుమ, నీటి పక్కన గుడారం: అపోహలు - వాస్తవాలు

చలికాలం వచ్చి లంబసింగి ఫోటోలు ఫోన్లలో తిరగడం మొదలవగానే మాలాంటి క్యాంపు నిర్వాహకులను అందరూ ముందుగా అడిగేది ధర గురించో భోజనం గురించో అనుకుంటారేమో. “టెంటు నీళ్ల ఒడ్డునే వేస్తారు కదండీ?” అన్నదే మొదటి ప్రశ్న. ఒడ్డుకు ఎగువన, వాలు మీద వేస్తామని చెప్పగానే అవతలివారి గొంతులో ఉత్సాహం సగానికి పడిపోతుంది. చింతపల్లి, పాడేరు ప్రాంతాల్లో చాలా ఏళ్లుగా విడిది ఏర్పాట్లు చూస్తూ, వేసవిలో చిన్న బృందాలను హిమాలయాలకు తీసుకెళ్తూ నేను గమనించినదేమిటంటే, మనవాళ్లు చోటును పగటిపూట చూసి ఎంచుకుంటారు, అక్కడ గడపవలసింది మాత్రం రాత్రి. చలి ఎటు దిగుతుంది, నీరు ఎంతవరకు ఎక్కుతుంది, గాలి ఎటు తిరుగుతుంది, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే బండి ఎంత దూరంలో ఉంది అన్నవి ఏ ఫోటోలోనూ పడవు. తరచుగా వినిపించే అపోహలను ఈ దృష్టితోనే ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: నీటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి చోటు.

వాస్తవం: చలికాలంలో కొండల మధ్య ఉన్న జలాశయం ఒడ్డు చాలాసార్లు ఆ చుట్టుపక్కల అన్నిటికంటే చల్లని, తడి ఎక్కువగా ఉండే చోటు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట నీళ్లలాగే కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుందని మనం చదువుకున్న లెక్క ఇలాంటి రాత్రుల్లో తలకిందులవుతుంది, పల్లంలో గడ్డకట్టుకుపోతున్న వేళ దానికి కొంచెం ఎగువనున్న వాలు మీద కాస్త వెచ్చగా ఉంటుంది. ఈ సంగతి నాకు పుస్తకాలు చెప్పకముందే తాజంగి దగ్గర ఒక పెద్దాయన చెప్పాడు. మేము జలాశయం పక్కన చదును చేసుకుంటుంటే పశువులను తోలుకుపోతూ ఆగి, “ఆ పల్లంలో వద్దు బాబూ, చలి అక్కడే కూసుంటాది” అన్నాడు. చలి కూర్చోవడం ఏమిటని మేము నవ్వుకున్నాం.

ఆ రాత్రి అయిదు టెంట్లు ఒడ్డున, స్థలం చాలక రెండు టెంట్లు పైనున్న మెట్టు పొలం గట్టు మీద వేశాం. తెల్లవారుజామున ఒడ్డు టెంటులో లేచి కూర్చుంటే నా తల కప్పుకు తగిలింది, చల్లటి నీళ్లు మెడ వెనక నుంచి వీపు మీదికి జారాయి. వాన లేదు. మేము రాత్రంతా వదిలిన ఊపిరిలోని తేమా, నీటి మీది నుంచి వచ్చిన తేమా కలిసి చల్లబడిన గుడ్డకు లోపలివైపు బొట్లు కట్టి, కదిలించినప్పుడల్లా కురిశాయి. పడుకునే సంచుల కాళ్లవైపు తడిసి ముద్దయింది. గట్టు మీది వాళ్లు మాత్రం బయటి గుడ్డ దులిపి, ఎండకు ఆరేసి, టీ కాచుకుంటూ మమ్మల్ని చూస్తున్నారు. అప్పటి నుంచి మా పద్ధతి ఒకటే: నీళ్లు కనబడాలి, కానీ టెంటుకూ నీటికీ మధ్య కనీసం అరవై మీటర్లు, అంటే నడకలో ఎనభై అంగల వరకు, ఉండాలి. వీలైతే పల్లానికి రెండు మూడు నిలువుల ఎత్తున, తూర్పు ఎండ త్వరగా తగిలే వాలు మీద కాస్త చదును చూసుకుంటాం. తుంగ, జమ్ము, రెల్లు పెరిగిన నేల పైకి పొడిగా కనిపించినా అడుగున తడి ఉందని అర్థం. పశువులు నీళ్లకు దిగే దారి అయితే అసలు వద్దు, తెల్లవారకముందే మందలు టెంటు తాళ్ల మీదుగా నడుస్తాయి. దోమల సంగతి వేరే చెప్పనక్కరలేదు, ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా పాత శత్రువు.

అపోహ: లంబసింగిలో మంచు కురుస్తుంది కాబట్టి అక్కడికే వెళ్లాలి.

వాస్తవం: ఈ గందరగోళానికి సగం కారణం మన మాటే. గడ్డి మీది బిందువులనూ మంచు అంటాం, కొండలను కప్పే పొగనూ మంచు అంటాం, కాశ్మీరులో ఆకాశం నుంచి పడేదాన్నీ మంచే అంటాం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో చూసేది మొదటి రెండు. బాగా చలి పడిన కొన్ని వేకువల్లో గడ్డి మీద తెల్లగా పేరుకునేది కూడా నేల మీదే గడ్డకట్టిన తేమ, పైనుంచి కురిసింది కాదు. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణోగ్రతను నేలకు మనిషి ఛాతీ ఎత్తులో, నీడలో కొలుస్తారు, గడ్డి అంతకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. అందుకే వార్తల్లో నాలుగో అయిదో డిగ్రీలని చెప్పిన రోజున కూడా గడ్డి మీద తెల్లటి పొర కనిపించవచ్చు.

చోటు ఎంపికకు ఇది ఎందుకు అవసరమంటే, పొగమంచులో ఉండటం వేరు, పొగమంచును చూడటం వేరు. వంజంగి కొండ మీద సూర్యోదయానికి పాల సముద్రంలా కనిపించేది కింద లోయలో పేరుకున్న పొగమంచే. దాని అడుగున విడిది చేసినవారికి పొద్దున ఎనిమిది, తొమ్మిది దాకా పక్క టెంటు కూడా కనబడదు. మేఘాలను చూడాలన్న కోరికతో వచ్చేవారు లోయలో పడుకుంటే చీకట్లో లేచి కొండ ఎక్కవలసిందే. ఎక్కలేని పెద్దవారు వెంట ఉంటే మొదటి నుంచే ఎగువ చోటు చూసుకోవాలి. నన్ను అడిగితే పగలు వలిసె పూల పొలాల్లో, కాఫీ తోటల్లో తిరిగి, రాత్రికి పాడేరులో గట్టి కప్పు కింద పడుకుని, వేకువన కొండ ఎక్కడంలో తప్పేమీ లేదంటాను. ఇలా చెప్పడం మా వ్యాపారానికి మంచిది కాదు, అది వేరే విషయం.

అపోహ: వాన లేదు కాబట్టి గెడ్డ (కొండ వాగు) పక్కన, ఏటి ఇసుకలో గుడారం వేయవచ్చు.

వాస్తవం: మీ నెత్తిన వాన పడనక్కరలేదు, ఎగువన ఎక్కడో పడితే చాలు. ఆనకట్ట ఉన్న నదికి ఆ వాన కూడా అవసరం లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో మండీ జిల్లాలోని బియాస్ నదిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయింది వరదల కాలంలో కాదు. ఎగువనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు నిమిషాల్లో వాళ్లు నిలబడిన బండరాళ్లను ముంచేసింది. ఫోటోల కోసం దిగినవారికే తప్పించుకునే వ్యవధి లేకపోతే, చీకట్లో సంచుల్లో జిప్పులు వేసుకుని నిద్రపోయేవారికి ఎక్కడిది?

హిమనదాల నుంచి పుట్టే ఏరులది మరో తీరు. పగటి ఎండకు పైన కరిగిన నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది, పొద్దున మోకాలి లోతున దాటిన పాయ సాయంత్రానికి నడుము దాటవచ్చు. ఏ నది పక్కనైనా చోటు చూసేముందు పొదలకు, చెట్ల మొదళ్లకు చిక్కుకున్న పుల్లలు, ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. నీరు అంతవరకు వచ్చి వెళ్లిందని ఆ చెత్తే చెబుతుంది, మీ టెంటు ఆ గీతకు చాలా ఎగువన ఉండాలి. శుభ్రంగా, మెత్తగా, రాయి లేకుండా పరిచినట్లున్న ఇసుక మేట కనిపిస్తే సంతోషించకండి. దాన్ని పరిచింది వరదే.

అపోహ: అయితే కొండ కొమ్మున వేస్తే ఏ గొడవా లేదు.

వాస్తవం: కొమ్మున గాలి, పిడుగు రెండూ ఉన్నాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం లెక్క. ఉరుము వినబడుతోందంటేనే మీరు పిడుగు అందే దూరంలో ఉన్నారని అనుకోవాలి. టెంటు ఏ రక్షణా ఇవ్వదు, అద్దాలు మూసిన కారు ఇస్తుంది. ఒంటరి చెట్టు కింద అసలే వద్దు. గుంపుగా ఉన్న చెట్ల కింద కూడా తల ఎత్తి ఎండుకొమ్మలు చూసుకున్న తరువాతే మేకు దింపాలి. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కొమ్మలు గాలికి పెళుసుగా విరగడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: చలి ఎక్కువైతే కుంపటి లోపల పెట్టుకోవచ్చు, కాబట్టి చోటు ఎంత చల్లనిదైనా పరవాలేదు.

వాస్తవం: ప్రాణాలు పోతాయి. బొగ్గుల నుంచి, గ్యాసు పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి ఏమీ తెలియదు. జిప్పు కొంచెం తెరిచి ఉంచితే చాలునన్నది కూడా భ్రమే. నెగడు ఎంత పెద్దదైనా బయటే ఉండాలి, టెంటు గుడ్డకు దూరంగా, అటవీ శాఖ అనుమతించిన చోటే. చలికి అసలు మందు ఒంటి కింద ఉంటుంది. పైన రెండు రగ్గులు కప్పుకుని కింద పలచటి పట్టా మీద పడుకునేవారు తెల్లవార్లూ వణుకుతారు, ఎందుకంటే ఒంటి వేడిని నేల లాగేస్తుంది. నురగ చాప ఒకటి అదనంగా తీసుకెళ్లండి, లేకపోతే మా కుర్రవాళ్లు చేసినట్లు అట్టపెట్టెలు విప్పి పరుచుకోండి.

అపోహ: వయసులో ఉండి వ్యాయామం చేసేవారిని ఎత్తు ఏమీ చేయదు, కాబట్టి లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగిన మర్నాడే పాంగాంగ్ ఒడ్డున పడుకోవచ్చు.

వాస్తవం: హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో ఒక్క పూటలో 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతున్న ఈ రోజుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్లకు పైనే ఉంది. అక్కడి గాలి పీడనం సముద్ర తీరంలో ఉండే దానిలో దాదాపు 60 శాతం, అంటే ప్రతి ఊపిరిలో అందే ప్రాణవాయువు కూడా తీరంలో అందే దానిలో అంతే. దీనికి కండబలంతో సంబంధం లేదు. పరుగు పందేల్లో గెలిచిన కుర్రవాడు తలనొప్పితో, వాంతులతో పడిపోతే అతని వెంట వచ్చిన తల్లి హాయిగా టీ తాగుతూ కూర్చున్న సందర్భం నా బృందంలోనే ఉంది. 3,000 మీటర్లు దాటిన తరువాత పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యులు చెబుతారు. లేహ్ నుంచి పాంగాంగ్‌కు తేడా దానికి మించినదే. అందుకే లేహ్‌లో కనీసం రెండు రోజులు నిదానంగా గడపండి, పగటిపూట ఎక్కువ ఎత్తుకు వెళ్లినా రాత్రికి దిగి వచ్చి పడుకోండి. తలనొప్పికి తోడు నడక తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దిగాలి. ఆ ఒడ్డున క్యాంపు ఎంచుకునేటప్పుడు సరస్సు ఎంత బాగా కనబడుతుందన్నది తరువాత, ముందుగా ఆక్సిజన్ సిలిండరు ఉందా, రాత్రి డ్రైవరుతో సహా బండి సిద్ధంగా ఉంటుందా అని అడగండి. ఒకసారి ఒక క్యాంపువాళ్లు సిలిండరు చూపించారు, తిప్పి చూస్తే అందులో గాలి లేదు. అప్పటి నుంచి నేను తిప్పి చూడందే డబ్బు కట్టను.

అపోహ: తేటగా పారే కొండ నీళ్లు మినరల్ వాటర్ కంటే మంచివి.

వాస్తవం: తేటదనానికీ సూక్ష్మజీవులకూ సంబంధం లేదు, ఎగువన పశువులు ఉండవచ్చు, మరో బృందం ఉండవచ్చు. బాగా మరిగించి తాగండి, 2,000 మీటర్లు దాటితే మరుగు వచ్చాక మూడు నిమిషాలు ఉంచండి. అలాగే మీరు మరొకరికి ఆ ఎగువ బృందం కాకండి: గిన్నెలు తోమడం, స్నానం, మలవిసర్జన నీటికి అరవై మీటర్ల అవతలే జరగాలి, గుంత జానెడు లోతు తవ్వి పూడ్చాలి. సహజ సబ్బు అని రాసి ఉన్నదైనా చెరువులో కలపకూడదు.

అపోహ: కంచె లేని నేల ఎవరిదీ కాదు.

వాస్తవం: మన్యంలో ఎవరిదీ కాని నేల దాదాపు లేదు. ఖాళీగా కనిపించే వాలు ఎవరో ఒక గిరిజన కుటుంబం ఈ ఏడాది బీడుగా వదిలిన పోడు భూమి కావచ్చు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్న భూమి కావచ్చు, లేదా అనుమతి లేనిదే అడుగు పెట్టకూడని రిజర్వు ఫారెస్టు కావచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1/70 చట్టం చెబుతోంది. కనుక మైదానం నుంచి వచ్చిన ఎవరైనా “ఇది మా సొంత సైటు” అని ముందస్తు డబ్బు అడిగితే, ఆ నేల అసలు ఎవరి పేరున ఉందో ఊళ్లో అడిగిన తరువాతే ఇవ్వండి. బయటి రాష్ట్రాల్లోనూ ఇష్టమొచ్చిన చోట మేకు దింపే కాలం పోయింది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో ఎత్తైన పచ్చిక మైదానాల్లో, అంటే అక్కడివాళ్లు బుగ్యాల్ అనే చోట్లలో, రాత్రి బసను నిషేధించింది. హిమాచల్‌లోని చంద్రతాల్ ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, క్యాంపులు సరస్సుకు దూరంగా ఉంటాయి, అక్కడి నుంచి వెళ్లి చూసి రావాలి.

లంబసింగి వైపు మేము చేసేది ఇది. పొద్దు వాలకముందే, అంటే నాలుగు గంటలకల్లా ఊరికి చేరి, టీ కొట్టు దగ్గరో రామాలయం అరుగు దగ్గరో పెద్దవాళ్లతో మాట్లాడి, నేల ఎవరిదో కనుక్కుని, అద్దె వాళ్ల చేతికే ఇస్తాం. తరువాత మూడు ప్రశ్నలు అడుగుతాం: పెద్ద వానకు నీరు ఎక్కడిదాకా వచ్చింది, పశువులు ఏ దారిన దిగుతాయి, ఈ నెలలో చలి ఎక్కడ కూర్చుంటుంది. మూడో ప్రశ్నకు ఇప్పుడు ఎవరూ నవ్వరు.